మూడోసారి అడగని ఇల్లు

పోయినవారం కథ ఆపేస్తూ, మస్కట్‌లోని మా దార్సైట్ ఫ్లాటులో డాడీని ఫోనుతో సహా హాలు మధ్యలో నిలబెట్టి వెళ్ళిపోయాను. పాపం, ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. ఆయన్ని కూర్చోబెట్టే ముందు, ఈ వారమే మా గుమ్మం తొక్కినవాళ్ళకి మేమెవరమో రెండు ముక్కల్లో చెప్పేస్తాను.

నేను సెలీనాని. మస్కట్‌లో నర్సింగ్ మూడో ఏడు చదువుతున్నాను. ఎక్స్ఛేంజ్ స్టూడెంటుగా ఒక ఏడాది ఫిన్లాండ్‌లో చదవమని మా కాలేజీ పంపిస్తే ఆగస్టులో వెళ్ళి, నాలుగు నెలలుండి, క్రిస్మస్‌కి ఇంటికి వచ్చాను. అక్కడ సరస్సుల మధ్య ఒక చిన్న ఊళ్ళో ఐలా అనే ఆవిడ ఇంట్లో ఉంటాను. రిటైరైన స్కూలు టీచరు, ఒంటరి మనిషి. జనవరి ఐదున నా తిరుగు ప్రయాణం. డాడీ పేరు ప్రేమచంద్, రూవిలో ఒక మందుల గోడౌన్‌లో స్టోర్ కీపరు. మమ్మీ మణికుమారి, ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. ఇద్దరిదీ పాలకొల్లు దగ్గర.

డాడీ ఫోనులోకి వచ్చిన ఉత్తరం అక్కడి కాలేజీ కో-ఆర్డినేటర్ మేడమ్ రాసింది. మీ అమ్మాయి భోజనం బల్ల దగ్గర దాదాపు ఏమీ తినడం లేదు, గదిలో తిండి దాచుకుంటోంది, కాలేజీ చెకప్‌లో ఎనిమిది కిలోలు తగ్గినట్టు తేలింది, ఇది తిండికి సంబంధించిన మానసిక జబ్బేమోనని ఐలా భయపడుతున్నారు. సోమవారం మీతో వీడియోలో మాట్లాడాలి. ఆ మాటల తర్వాత కూడా అనుమానం మిగిలితే రెండో సెమిస్టరు సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్న అమ్మాయికి వెళ్తుంది. ఇదీ సంగతి.

డాడీ చదవడం ఆపి నావైపు చూశారు. మమ్మీ గరిటె చేత్తో పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. అక్కడ ఆపాను కదా. ఇక వినండి.

మమ్మీ అరవలేదు. అరిచినా బావుండేది. ఫోను లాక్కుని ఉత్తరం రెండుసార్లు చదివి, గరిటె సోఫా మీద పెట్టేసి, నా మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టింది. కన్న కూతురి చెయ్యి అలా పట్టుకుంటారా ఎవరైనా? ఆ క్షణం నుంచి నేను ఆవిడకి పేషెంటునైపోయాను.

మూడు రోజులు నన్ను వేపుకు తింది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి బరువు చూడటం. కళ్ళ కింద రెప్ప లాగి చూడటం. థైరాయిడ్ అంది, షుగర్ అంది, టీబీ అంది. శనివారం తనతో పాటు ఆస్పత్రికి తీసుకెళ్ళి నాలుగు ట్యూబుల రక్తం తీయించింది. అన్నీ బాగానే ఉన్నాయని రిపోర్టు వచ్చాక ఇంకా బెంగ పెట్టుకుంది. ఆదివారం బట్టలు మడతపెడుతూ, నా మొహం చూడకుండా, "నీ డేట్స్ సరిగ్గా వస్తన్నాయా?" అని అడిగింది. ఆ ప్రశ్న వెనక ఉన్న అసలు ప్రశ్న నాకు అర్థమై ఒళ్ళు మండిపోయింది.

"వస్తున్నాయి మమ్మీ. అలాంటిదేం లేదు."

"నేనేవన్నానే? నర్సుగా అడిగాను."

"మరి అమ్మగా ఎప్పుడు అడుగుతావు?"

"అమ్మగా అడగలేదా? రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి తిన్నావా అని అడగలేదా? తిన్నాను మమ్మీ, తిన్నాను మమ్మీ అని నువ్వు చెప్పలేదా?" మడతపెడుతున్న బట్ట పక్కన పడేసింది. "ఎనిమిది కిలోలే! వార్డులో అరకిలో తేడా వస్తే డాక్టరుకి చెప్పేదాన్ని. నా పిల్ల ఎనిమిది కిలోలు తగ్గిపోతంటే ఫోన్లో మొహం చూసి కూడా తెల్సుకోలేపోయాను."

ఏం చెప్పను? జబ్బు లేదని చెబితే మరి ఎందుకు తినలేదంటారు. ఎందుకో చెబితే నవ్వుతారు. నాకే సిగ్గుగా ఉంది. నాలుగు నెలలు పస్తులుండటానికి ఆ కారణం ఏ మూలకీ సరిపోదు.

డాడీ మాత్రం ఆ మూడు రోజులూ రూవిలో ఏవేవో పనులున్నాయంటూ తప్పించుకు తిరిగారు. పొద్దున వెళ్ళి, మధ్యాహ్నం నాకిష్టమని సమోసాలు పట్టుకొచ్చి, బల్ల మీద పెట్టి, మళ్ళీ మాయం. ఆయన ప్రేమంతా అలాగే పొట్లాలు కట్టి ఉంటుంది.

ఒక్క సంగతి ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత మరిచిపోతానేమో. ఆదివారం సాయంత్రానికి నా గదిలో గోడ వారగా ఉన్న సూట్‌కేసు అల్మారా పైకి ఎక్కిపోయింది. "ఎందుకు మమ్మీ, వారం కూడా లేదుగా?" అంటే, "దుమ్ము పడతందని పెట్టాన్లే," అంది. అల్మారా పైన ఇంకా దుమ్ము. నేను పట్టించుకోలేదు.

నాకు తిరిగి వెళ్ళాలని ఉంది. మీకైనా దాచకుండా చెబుతున్నాను. ఆ దేశంలో మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతుంది, బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ వచ్చి కూర్చోరు, పలకరిస్తే ఉలిక్కిపడతారు. మొదటి రెండు నెలలూ దుప్పటి కింద ఏడ్చాను. క్లాసులో నేర్పే భాష ఒకటి, బజార్లో మాట్లాడేది ఇంకొకటి. కానీ నవంబరు చివర్లో ఒకరోజు బస్‌స్టాప్‌లో ఒక ముసలావిడ, "ఇవాళ దారంతా జారుతోంది, చూసుకుని నడు," అంది. "అవునండీ, మీరూ జాగ్రత్త," అన్నాను. బస్సెక్కి కూర్చున్నాక తట్టింది, ఆ మాట నేను మనసులో ముందు తెలుగులో అనుకోలేదని. తిన్నగా ఫిన్నిష్‌లోనే వచ్చేసింది. ఆ ఆనందం ఎవరికి చెప్పుకోను? డిసెంబరులో భాష పరీక్ష ప్యాసయ్యాను. జనవరి నుంచి ముసలివాళ్ళ హోములో నిజం పేషెంట్ల దగ్గర డ్యూటీ. అది నాకు కావాలి. దాని కోసం పడి చస్తున్నాను.

సోమవారం వచ్చింది. మీటింగు మధ్యాహ్నం రెండింటికి. మమ్మీ డ్యూటీ మార్చుకుని ఇంట్లోనే ఉంది. డాడీ పన్నెండింటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చుని, తెరలో తన మొహం చూసుకుంటూ క్రాపు సర్దుకుంటున్నారు. పన్నెండున్నరకి బెల్లు మోగింది.

పై అంతస్తు లిల్లీ ఆంటీ. మమ్మీతో పాటే ఆస్పత్రిలో పని చేస్తుంది, మా ప్రేయర్ గ్రూపులోనూ ఉంది. నేను ఫిన్లాండ్ వెళ్ళేటప్పుడు చర్చిలో నా కోసం ప్రార్థన చేయించింది ఆవిడే. ఉత్తరం సంగతి ఆవిడకి తెలిస్తే ఇక్కడ సెలవురోజైన శుక్రవారం ఆరాధన అయ్యేసరికి మస్కట్ అంతా తెలిసిపోతుంది. మమ్మీ నాకు కళ్ళతోనే హెచ్చరిక చేసి తలుపు తీసింది.

"అక్కా, రొయ్యల ఇగురు! పొద్దున్నే మా ఆయన సీబ్ మార్కెట్టు నుంచి తెచ్చారు. పిల్లని చూడు ఎలా అయిపోయిందో, పుల్లలాగా! కూర్చో అమ్మా, వేడి మీదే తినాలి."

పొద్దున్నించీ నా కడుపులో పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ పడలేదు. ఆ వాసనకి ప్రాణం లేచొచ్చింది. బల్ల దగ్గర కూర్చున్నాను.

"వద్దాంటీ, ఇందాకే తిన్నాను," అన్నాను.

"ఏం తిన్నావేంటి? చాల్లే. ఒక్క గరిటె."

"నిజంగా ఆంటీ, కడుపు ఖాళీ లేదు."

"చూశావా అక్కా, ఫిన్లాండ్ నీళ్ళు తాగగానే మన కూరలు నచ్చటం మానేశాయి దీనికి! నామీద ఒట్టే. నే చేసింది తినవా?"

"అయ్యో, అలా కాదాంటీ. సరే, కొంచెం. చాలు, చాలు..."

చాలు చాలంటూనే కంచం ముందుకి జరిపాను. ఆవిడ మూడు గరిటెలు వేసింది. నేను వంచిన తల ఎత్తకుండా తిన్నాను. ఇంకో రెండుసార్లు వద్దని, ఇంకో రెండుసార్లు వేయించుకుని, వేళ్ళు నాక్కుంటూ తల ఎత్తేసరికి ఎదురుగా మమ్మీ గ్లాసులో నీళ్ళు పోస్తోంది. గ్లాసు నిండిపోయి నీళ్ళు బల్ల మీదికి పారుతున్నాయి. ఆవిడ చూపు గ్లాసు మీద లేదు. నా కంచం మీద ఉంది.

"అక్కా, నీళ్ళు!" అంది లిల్లీ ఆంటీ.

"లిల్లీ, నువ్వు మళ్ళీ వద్దువుగాని తల్లీ. మాకో ఆన్‌లైన్ పనుంది," అని మమ్మీ ఆవిడని దాదాపు తోసినంత పనిచేసి తలుపు గడియ పెట్టింది. తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడింది.

"అక్కడ కూడా ఇలాగే అన్నావా?"

"ఏమని?"

"వద్దు, ఇప్పుడే తిన్నాను, కడుపు ఖాళీ లేదు. అక్కడ కూడా ఇలాగే అన్నావా, చెప్పు!"

డాడీ లాప్‌టాప్ ముందు నుంచి ఇటు తిరిగారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మూడు రోజులు దాచిన మాట, కాదు, నాలుగు నెలలు దాచిన మాట, రొయ్యల చేత్తోనే కళ్ళు తుడుచుకుంటూ చెప్పేశాను. కారం కళ్ళలో పడి ఇంకా ఏడ్చాను.

మొదటిరోజు సాయంత్రం అయిదింటికి ఐలా చేపల సూపు చేసింది. పాలూ బంగాళాదుంపలూ వేసిన తెల్లటి సూపు. విమానం దిగిన మనిషిని, ఆకలికి చెవులు గీపెడుతున్నాయి. ఆవిడ గిన్నె నావైపు జరిపి, "తీసుకుంటావా?" అంది. "ఎయ్ కీతోస్," అన్నాను. వద్దు, థాంక్స్ అని. ఆ భాషలో నేను కంఠతా పట్టిన మొదటి మాట అదే. ఎందుకంటే ముందుగా కావాల్సిన మాట అదే కదా మనకి! ఆవిడ తల ఊపి తనకి వడ్డించుకుని తినడం మొదలుపెట్టింది. నేను నవ్వు మొహం పెట్టుకుని కూర్చున్నాను, ఇంకోసారి అడుగుతుంది కదా అని. ఆవిడ సూపు తాగింది. రొట్టె తింది. గిన్నె మీద మూత పెట్టింది. అప్పటికీ నాకు ఆశ చావలేదు. ఫ్రిజ్ తలుపు పడిన చప్పుడు విన్నాక తెలిసింది, ఆ ఇంట్లో ఇక ఎవరూ అడగరని.

రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. వారం తిరిగేసరికి సంగతి అర్థమైంది. అర్థమయ్యాక తినొచ్చుగా అంటారు. వారం రోజులు వద్దు వద్దన్న మనిషి ఎనిమిదో రోజు ఏ మొహం పెట్టుకుని కావాలంటుంది? ఇన్నాళ్ళూ అబద్ధమాడాననేగా? రెండు స్పూన్లు మాట వరసకి వేసుకుని, గదిలోకి వెళ్ళి, కిటికీ తీసి, మమ్మీ పెట్టిన గోంగూర పచ్చడి రొట్టె మీద రాసుకుని తినేదాన్ని. వాసన బయటికి పోవాలని అంత చలిలోనూ కిటికీ తీసే ఉంచేదాన్ని. సీసా అల్మారా వెనక దాచేదాన్ని. డిసెంబరు మొదట్లో గది ఊడుస్తూ ఐలా ఆ సీసా చూసింది. దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇది నీదా?" అంది. అవునన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. మూడు రోజులు ఆ ఇంట్లో మాటే లేదు. అక్కడ మౌనమంటే కోపం కాదని నాకు అప్పటికి బాగానే తెలుసు. అయినా ఆ మూడు రోజులూ క్లాసు అవగానే గదిలో దూరి తలుపేసుకున్నాను. ఆవిడ అప్పుడే కాలేజీకి రాసిందని ఇప్పుడు తెలుస్తోంది.

"అడగొచ్చు కదే!" అంది మమ్మీ. "నోరు లేదా నీకు? ఆకలేస్తంది, పెట్టండి అనొచ్చు కదా?"

"అడిగి తినడం నాకెవరు నేర్పారు మమ్మీ?"

ఆవిడ బల్ల మీది నీళ్ళు కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

"వాదీ కబీర్‌లో ప్రేయర్ మీటింగు గుర్తుందా? నాకు ఆరేళ్ళు. కేకు ముక్క ఇవ్వగానే రెండు చేతులా తీసుకున్నాను. తొడ మీద గిల్లి ఏమన్నావు? తిండికి మొహం వాచినట్టు అడగ్గానే తీసుకుంటారా, ముందు వద్దనాలి, మూడోసారి అడిగితే కొంచెం తీసుకోవాలి అన్నావు. ఎక్కడికెళ్ళినా అంతే. బల్ల కింద నీ చెయ్యి ఎప్పుడూ నా తొడ మీదే ఉండేది. అక్కడ బల్ల కింద నీ చెయ్యి లేకపోయినా ఉన్నట్టే అనిపించింది మమ్మీ. నేనేం చెయ్యను?"

మమ్మీ కుర్చీ వెతుక్కోకుండా వంటింటి గడప మీదే కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వార్డులో ఎన్నో చావులు చూసి కూడా ఇంటికొచ్చి చక్కగా వంట చేసుకునే మనిషి, వెక్కి వెక్కి ఏడ్చింది.

"నేనేనా? నా పిల్లని నేనే పస్తు పెట్టానా, ప్రభువా!"

డాడీ వచ్చి ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నారు, ఇస్త్రీ చొక్కా సంగతి మరిచిపోయి. "ఊరుకో మణీ. జబ్బు కాదని తేలింది కదా, సంతోషించు. వాళ్ళకి ఇదే చెప్పేద్దాం. ఇంకేంటి మరి?"

"నేను చెప్తాను," అంది మమ్మీ మొహం కడుక్కుని. "తప్పు నాది. నేనే చెప్తాను."

ఆ మాటతో నా గుండె బరువు సగం దిగింది. మమ్మీ చెబుతానంటే ఇక అడ్డేముంది? మా ఇంట్లో ఏ పనైనా ఆవిడ పూనుకుంటే అయిపోయినట్టే. సూట్‌కేసు దింపాలని కూడా అనుకున్నాను.

రెండింటికి తెర మీద రెండు కిటికీలు తెరుచుకున్నాయి. ఒక దానిలో కో-ఆర్డినేటర్ మేడమ్. రెండో దానిలో ఐలా, తెల్ల జుట్టు, నీలం స్వెట్టరు, వెనక నాకు బాగా తెలిసిన వంటింటి కిటికీ, దాని అవతల మంచు. నాకు తెలియకుండానే చెయ్యి ఊపాను. ఆవిడ చిన్నగా తల ఊపింది.

మమ్మీ చెప్పింది. ఆస్పత్రి ఇంగ్లీషులో, గుక్క తిప్పుకోకుండా, కేకు ముక్క దగ్గర్నించి రొయ్యల దాకా అంతా చెప్పింది. రక్తం రిపోర్టులు తెర ముందు పెట్టి చూపించింది. మా వైపు అతిథి మొదటిసారి వద్దనాలి మేడమ్, ఇంటివాళ్ళు బలవంతం చెయ్యాలి మేడమ్, అది ఇద్దరికీ మర్యాద మేడమ్ అంది. చెప్పి ఆగింది.

ఐలా మాట్లాడలేదు. తెరలోకి చూస్తూ కూర్చుంది. అయిదు సెకన్లు, పది సెకన్లు. నాకు ఆ మౌనం తెలుసు. ఆవిడ ఆలోచిస్తోంది. మమ్మీకి తెలియదు కదా, కంగారు పడిపోయింది.

"మా అమ్మాయి చాలా మంచిది మేడమ్! ఎదురు చెప్పదు. మేమేం చెబితే అది చేస్తుంది. ఇక నుంచి అన్నీ తింటుంది. నేను రోజూ ఫోన్ చేసి..."

డాడీ ఆవిడ చేతి మీద చెయ్యి వేశారు. ఆవిడ ఆగింది.

అప్పుడు ఐలా మాట్లాడింది. ఒక్కో మాటా ఏరి పెట్టినట్టు మాట్లాడింది. "నాలుగు నెలలు ఆ పిల్ల నా ఇంట్లో దొంగతనంగా తిన్నది. నేనంటే భయమేమో అనుకున్నాను. నా వంట అసహ్యమేమో అనుకున్నాను. రోజూ అడిగాను. వద్దంది. మా దగ్గర ఒకసారి చెప్పిన మాటని మళ్ళీ అడగడం అంటే, నీ మాట నేను నమ్మలేదని చెప్పడం. నేను తన మాట నమ్మాను. గౌరవించాను. జబ్బు కానందుకు నాకు చాలా సంతోషంగా ఉంది." ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఐలా కళ్ళద్దాలు తుడుచుకోవడమంటే మన దగ్గర గుండెలు బాదుకున్నంత.

రిపోర్టులు పంపిస్తే చాలని, ఆరోగ్యం గురించి ఇక సమస్య లేదని కో-ఆర్డినేటర్ మేడమ్ అంది. డాడీ బల్ల కింద నా కాలు తొక్కారు, సంతోషంతో.

"ఒక్క ప్రశ్న," అంది ఐలా. ఇంగ్లీషు వదిలేసి, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా ఫిన్నిష్‌లో అడిగింది. "సెలీనా, నువ్వు మళ్ళీ మా ఇంటికి రావాలని అనుకుంటున్నావా?"

ప్రతి మాటా అర్థమైంది. అవును, అవును, అవునని ఒళ్ళంతా అరుస్తోంది. కానీ ఎదురుగా ఆవిడ ఎర్రబడ్డ కళ్ళు. ఆవిడని ఇంత బాధపెట్టి, అడగ్గానే ఎగబడి వస్తాననడమా? ఎంత సిగ్గులేనితనం! మాట దానంతటదే, నా పదిహేనేళ్ళ అలవాటు, మర్యాదగా, నవ్వు మొహంతో బయటికొచ్చేసింది.

"ఎయ్ కీతోస్. మిమ్మల్ని ఇంకా ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు."

ఐలా నన్నే చూసింది. నేనూ చూశాను. అడగండి, ఇంకొక్కసారి అడగండి, మీకు పుణ్యముంటుంది అని లోపల మొత్తుకుంటున్నాను. ఇప్పుడే కదా మమ్మీ మీకు అంతా వివరించింది! కానీ ఇప్పుడే కదా నేను కూడా విన్నాను, మళ్ళీ అడిగితే నమ్మనట్టని. ఆవిడ చివరికి నెమ్మదిగా తల ఊపింది.

"అర్థమైంది," అంది.

నేను బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాను. కో-ఆర్డినేటర్ మేడమ్ మమ్మీ వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పింది. "ఐలా మళ్ళీ రమ్మని అడిగారు. సెలీనా వద్దు, థాంక్స్ అంది. నిర్ణయం తనదే. తల్లిదండ్రులుగా మీరేమైనా చెప్పాలనుకుంటున్నారా?"

ఇక మమ్మీ వంతు. నేను ఆవిడవైపు తిరిగాను. ఈ ప్రపంచంలో నా 'వద్దు'కి అర్థం తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే. గంటన్నర కిందట, అదే బల్ల దగ్గర, కళ్ళారా చూసింది. ఒక్క మాట చాలు. అది మర్యాదకి అంటోంది మేడమ్, దానికి రావాలనే ఉంది అంటే చాలు. ఐలా పది సెకన్లు మాట్లాడకపోతేనే ఉండబట్టలేక అడ్డం పడిన మనిషి.

మమ్మీ తెరవైపే చూసింది. గొంతు సవరించుకుంది.

"నో మేడమ్," అంది. "నథింగ్. థాంక్యూ."

తెర మీద ఒక కిటికీ మూసుకుంది. తర్వాత ఇంకొకటి. లాప్‌టాప్‌లో మా ముగ్గురి మొహాలే మిగిలాయి.

డాడీకి ఇంకా అర్థం కాలేదు. "అదేంట్రా తల్లీ, వెళ్ళనన్నావా?" అంటున్నారు. టింగుమని మెయిల్ వచ్చింది. అక్కడివాళ్ళు దేనికీ ఆలస్యం చెయ్యరు. విద్యార్థిని కోరిక ప్రకారం సీటు వెయిటింగ్ లిస్టుకి ఇస్తున్నాం, అభ్యంతరముంటే ఈరోజు సాయంత్రం నాలుగు గంటలలోపు స్వయంగా తెలియజేయాలి. అక్కడ నాలుగంటే ఇక్కడ ఆరు. ఇప్పుడు రెండూ నలభై. కానీ ఏమని రాయను? ఐలా ఇల్లు లేకపోతే నాకు అక్కడ గది లేదు, గది లేకపోతే సీటు లేదు. ఆవిడ మొహం మీదే వద్దన్నాను.

"మమ్మీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నీకు తెలుసు కదా."

ఆవిడ రిపోర్టుల కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్దుతోంది.

"నేనెందుకు వద్దన్నానో నీకు తెలుసు. ఆవిడ నిన్ను అడిగింది కూడా. ఎందుకు చెప్పలేదు?"

"నువ్వే వద్దన్నావుగా."

"మణీ!" అన్నారు డాడీ.

"మీరుండండి." మమ్మీ తలెత్తింది. ఆవిడ కళ్ళు పొడిగా ఉన్నాయి. ఇందాకటి ఏడుపు మనిషి కాదు. "వాళ్ళ పద్ధతే బావుందిలే. ఒకసారి చెప్తే నమ్మేస్తారంట. నాలుగు నెలలు నువ్వు తిన్నానంటే నమ్మాను. ఇవాళ వద్దంటే నమ్మాను. తప్పేవుంది?"

అల్మారా పైన సూట్‌కేసు నాకు అప్పుడు గుర్తొచ్చింది. దుమ్ము పడుతుందని ఎక్కించిన సూట్‌కేసు. మీటింగుకి ముందురోజు సాయంత్రమే ఎక్కించిన సూట్‌కేసు. కోపం వచ్చింది. దాని వెంటే భయం వేసింది. ఆవిడ నన్ను మోసం చేసిందని అరవాలనిపించింది. మోసం ఎక్కడుంది? నా నోటి మాటనే పట్టుకుంది.

బల్ల మధ్యలో, లిల్లీ ఆంటీ ఇగురు గిన్నె పక్కన, నా ఫోను గిర్రున వణుకుతూ తిరగడం మొదలుపెట్టింది. ముగ్గురం చూశాం. తెర మీద పేరు వెలిగింది. ఐలా.

నాలుగు నెలల్లో ఏ మాటా రెండోసారి అడగని మనిషి. ఎప్పుడూ ముందుగా మెసేజ్ పెట్టకుండా ఫోన్ చెయ్యని మనిషి.

నేను లేచేలోపు మమ్మీ చెయ్యి ఫోను మీద పడింది.